కుడి బీరువా, ఎడమ బీరువా

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "అక్కా, ఫైళ్ళు సర్దుకోడానికి ఏ యాప్ మంచిది?" ఏ యాప్ అయినా మంచిదే. చీపురు మంచిదైనంత మాత్రాన ఇల్లు శుభ్రంగా ఉండదు. ఊడ్చే మనిషికి ఏది చెత్తో, ఏది కింద పడిన ముక్కుపుడకో తెలిసి ఉండాలి.

ప్రొద్దుటూరులో ఒక ఫోటో, వీడియో స్టూడియోలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. కెమెరా పట్టుకున్నది తక్కువ. నా చేతిలో ఉన్నది ఆ కెమెరా తెచ్చిపోసిన సరంజామా: క్యాసెట్లు, తర్వాత సీడీలు, హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవులు, ఫోన్లలో వచ్చి పడే క్లిప్పులు, వాటి గురించి పది చోట్ల రాసుకున్న పది రకాల నోట్సు. వీటిలో ఏది ఎక్కడుందో చెప్పడమే నా పని. పెండ్లి వీడియో బాగా వస్తే కెమెరామన్‌ను మెచ్చుకుంటారు. పదేండ్ల తర్వాత అదే వీడియో దొరికితే ఎవరినీ మెచ్చుకోరు, దొరకడం మామూలే అనుకుంటారు. నేను మాత్రం నన్ను నేను మెచ్చుకున్నాను, ఇప్పుడూ మెచ్చుకుంటున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

బాషన్న

స్టూడియో యజమాని ఖాదర్ బాషా. మేమంతా బాషన్న అనేవాళ్ళం. మా నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా. ఇంట్లో ఉప్పు డబ్బాకు కూడా చీటీ అంటించే మనిషి. ఆయన కూతురిని కదా అని బాషన్న నన్ను పనిలోకి తీసుకున్నాడు. "అమ్మీ, నీకు కెమెరా రాకున్నా పర్వాల్యా. నేను తీసింది నాకు మల్లా దొరకల్ల, అంతే" అన్నాడు. ఉద్యోగానికి నాకు జరిగిన ఇంటర్వ్యూ అదే.

అవి కక్షల కాలం. జమ్మలమడుగు వైపు పల్లెల్లోనూ, పులివెందుల వైపు పల్లెల్లోనూ ప్రతి ఊరూ రెండుగా చీలి ఉండేది. బస్సులో ఎవరు ఏ సీట్లో కూర్చున్నారన్నది కూడా లెక్కే. బాషన్న రెండు పక్షాలకూ పెండ్లిళ్ళు తీసేవాడు. "నేను సాయిబును, నాకు మీ తగాదాతో పనేంది" అనేవాడు. ఆ మాట వాళ్ళూ నమ్మేవాళ్ళు.

మొదట్లో ఆయన క్యాసెట్లను పార్టీల పేరుతో సర్దాడు. ఇది మన జిల్లావాళ్ళు మాత్రమే చేయగల తెలివితక్కువ పని. ఎన్నికలు వచ్చేసరికి నాయకుడు పార్టీ మారేవాడు, ఆయన వెనక ఊరికి ఊరే మారేది. మేము పొద్దున్నుంచీ క్యాసెట్లు ఆ అర నుంచి ఈ అరకు మోసేవాళ్ళం. రెండుసార్లు మోశాక బాషన్నకు విసుగొచ్చి రెండు ఇనుప బీరువాలు కొన్నాడు. మాకు ఎక్కువ పని తగిలే పల్లె ఒకటుంది, దాని పేరు రాయను. అక్కడ ఒక పక్షానికి పెద్ద కేశవన్న, రెండో పక్షానికి పెద్ద సుంకన్న. కేశవన్న వాళ్ళవి ఎడమ బీరువాలో, సుంకన్న వాళ్ళవి కుడి బీరువాలో. మిగతా పల్లెలకూ అదే పద్ధతి. పార్టీ ఏదైనా మారనీ, మనిషి మారడు కదా అన్నది ఆయన లెక్క.

క్యాసెట్ల మీద పేర్లు ఉర్దూలో రాసేవాడు. ఎవరైనా బీరువా తెరిచినా అర్థం కాకూడదని. నాకూ అర్థమయ్యేది కాదు. మధ్యాహ్నాలు వాళ్ళింటికి వెళ్ళి ఆయన భార్య దగ్గర ఆ అక్షరాలు నేర్చుకున్నాను. బాషన్న మొదట ఆశ్చర్యపోయి, తర్వాత రెండో తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

పంక్తి క్యాసెట్

ఇంత భద్రం దేనికని మీరు అడగవచ్చు. ఊరికే పెండ్లి క్యాసెట్లే కదా.

మా వైపు పెండ్లి క్యాసెట్‌లో తాళి కట్టడం కంటే భోజనాల పంక్తి ముఖ్యం. ఎవరి పెండ్లిలో ఎవరు ఆకు ముందు కూర్చున్నారో చూస్తే ఎవరు ఎటువైపో తెలిసిపోయేది. నిన్నటిదాకా మనవాడే అనుకున్న మనిషి అవతలివాళ్ళ పంక్తిలో పెరుగన్నం కలుపుకుంటూ కనిపిస్తే ఇక చెప్పేదేముంది. అందుకని ఒక పక్షంవాళ్ళకు రెండో పక్షం క్యాసెట్ మీద మహా ఆశగా ఉండేది.

ఒకరోజు సుంకన్న మనుషులు నలుగురు వచ్చారు. కేశవన్న ఇంట్లో కిందటి వారం జరిగిన పెండ్లి చూపించమన్నారు. మాట మెత్తగానే ఉంది, నిలబడిన తీరు మాత్రం మెత్తగా లేదు. బాషన్న నవ్వుతూ కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. "చూపిస్తానప్పా, కూసోండి" అని ఒక క్యాసెట్ పెట్టాడు. అది ఆయన చెల్లెలి నిఖా. ఖాజీ వచ్చాడు, అత్తరు పూశారు, చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి దీవించి వెళ్తున్నారు.

"ఇది కాదు సాయిబన్నా" అన్నాడొకడు.

"తెలుసప్పా. మా చెల్లెలి పెండ్లి సూడకుండా ఊరోళ్ళ పెండ్లి సూస్తే నా మనసు బాధపడ్తాది. ఇది అయినాక అది."

నిఖా క్యాసెట్ మూడు భాగాలు. రెండో భాగంలో బిర్యానీ వడ్డన దగ్గర వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక బాషన్న షట్టరు సగం దించాడు. నీళ్ళు తాగి నాతో ఒక మాటన్నాడు. "అమ్మీ, ఎవురిది వాళ్ళకే. ఇంకొకరికి ఇయ్యల్లంటే వాళ్ళను అడిగే ఇయ్యల్ల. ఈ మాట తప్పితే స్టూడియో మూసుకోని అట్లు పోసుకోవల్ల."

బాస్‌లు చాలామందికి ఉంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా పరాయివాళ్ళ వస్తువును కాపాడిన బాస్ దగ్గర పని చేశానని చెప్పుకోవడం నాకు గర్వం.

ఇనుప బీరువా కంప్యూటర్లోకి వచ్చింది

తర్వాత కంప్యూటర్ వచ్చింది. క్యాసెట్లన్నిటినీ హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించే పని నాదే. క్యాసెట్ గంటసేపు ఉంటే ఎక్కించడానికీ గంట పట్టేది. కరెంటు పోతే మళ్ళీ మొదటికి. బూజు పట్టిన రీళ్ళను మెత్తటి బట్టతో తుడిచి, తెగినవాటిని అతికించి, ఒక్కటి కూడా పారేయకుండా ఎక్కించాను.

అంతా అయ్యాక చూస్తే కంప్యూటర్లో రెండే పెద్ద ఫోల్డర్లు: 'ఎడమ బీరువా', 'కుడి బీరువా'. కంప్యూటర్‌కు ఎడమా కుడీ ఏముంటాయి? అయినా నాకు గాని, బాషన్నకు గాని అది వింతగా తోచలేదు. అంతకాలం అలాగే వెతికాం కాబట్టి అలాగే సర్దాం. కొత్త పనిముట్టు వచ్చినప్పుడు మనం చేసే మొదటి పొరపాటు ఇదే. పాత అలవాటును పెట్టె మార్చి దాచిపెడతాం.

బాషన్నకు చూపు తగ్గాక ఆయన కొడుకు రఫీ స్టూడియో చూసుకున్నాడు. మంచి పిల్లవాడు, కొత్తది కనిపిస్తే ఆగలేడు. వారానికొక యాప్ తెచ్చేవాడు. పెండ్లివారి వివరాలు ఒకదాంట్లో, తేదీలు మరొకదాంట్లో, ఫోటోల ఎంపిక వాట్సాప్‌లో, ఆల్బం డిజైన్ ఆన్‌లైన్‌లో. ఒకసారి ఫోన్ పోయింది, దానితో పాత నంబరూ పోయింది. ఆ నంబరుతో తెరిచిన ఖాతాలేవీ మళ్ళీ తెరుచుకోలేదు. ఒక సీజన్ నోట్సు గోడకు కొట్టిన సున్నమైంది. మైదుకూరు పెండ్లివారు ఏ ఫోటోలు ఎంచుకున్నారో తెలియక, వాళ్ళ ఇంటికే వెళ్ళి మళ్ళీ కూర్చోబెట్టి అడిగాము. వాళ్ళు పెట్టిన టిఫిన్ రఫీ ముట్టుకోలేదు.

ఆ రోజు నుంచి నేను పెట్టిన నియమాలు నాలుగు మాటల్లో చెబుతాను. పనిముట్లు ఎన్నైనా వాడండి, కానీ ఫలానాది ఎక్కడుందో చెప్పే చోటు ఒక్కటే ఉండాలి. మాకది ఒక మామూలు ఎక్సెల్ షీటు. వాట్సాప్‌లో విన్నా, ఫోన్లో రాసుకున్నా, చేతి మీద రాసుకున్నా, ఇంటికి వెళ్ళేలోపు అది షీటులోకి రావాలి. ఇక దాచే సంగతి: రెండు చోట్ల ఉంటే ఉన్నట్టు, ఒక్క చోటే ఉంటే లేనట్టే.

చివరిది ఫైలు పేరు. మా ఎడిటింగ్ పిల్లలు పెట్టే పేర్లు చూస్తే నాకు ఒళ్ళు మండేది. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్', 'అక్క చెప్పిన ఫైనల్'. కస్టమర్లు పంపేవి ఇంకా ఘోరం. 'మా పెండ్లి', 'మా పాప', 'మా ఇల్లు'. ఎవరి పెండ్లి నాయనా, ఎవరి పాప? పేరు చూస్తే ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా అది ఎవరిదో, ఏ ఊరిదో, ఏ సందర్భమో తెలియాలి. తెలియని పేరుతో ఫైలు నా గది గడప దాటలేదు. 'మా' అనే అక్షరంతో మొదలైతే చాలు, ఎవరు పంపినా సరే మార్చేసేదాన్ని. పిల్లలు నన్ను వెనకాల 'పేర్ల పద్మక్క' అనేవాళ్ళు. నాకు వినపడేది, బాగానే ఉండేది.

దొరకనివి

షీటులో నేను పెట్టుకున్న ఒక పేజీ ఇంకే స్టూడియోలోనూ నేను చూడలేదు. దాని పేరు 'దొరకనివి'. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగి, అది మా దగ్గర దొరక్కపోతే, అడిగినవాళ్ళ పేరు, ఊరు, ఫోన్, ఏమడిగారో అందులో రాస్తాను. రఫీ నవ్వేవాడు. "లేనిదానికి లెక్కెందుకు అక్కా?" అనేవాడు. లేదన్నది మన మాట. వాళ్ళ అవసరం మాత్రం ఉన్నట్టే కదా.

అందులో ఒక వరుస మల్లేశ్వరిది.

పులివెందులలో ఒక నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ఆపరేటర్‌గా పని చేసే అమ్మాయి. ఒకరోజు బస్సు దిగి నేరుగా మా దగ్గరికే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, మా నాయన పేరు గుర్రప్ప. గొర్రెలు మేపేటోడు. నేను పాలు తాగే పిల్లప్పుడే సంపినారు. ఆ వారమే మా ఇండ్లు కాల్చినారు, అందులో ఉన్న ఒక్క ఫోటో పోయింది. మా నాయన ముఖం ఎట్లుంటాదో నాకు తెల్దు. మా యమ్మను అడిగితే, నీ మాదిరే అంటాది. నేను అద్దంలో సూసుకోని మీసాలు పెట్టుకోని అనుకోవల్లనా?"

ఊరి పేరు చెప్పింది. కేశవన్న, సుంకన్నల ఊరే. గుర్రప్ప సుంకన్న పక్షం. ఒక పొద్దున మంద తోలుకొని పోతుంటే దారి కాచి చంపారు. కేసులో కేశవన్న పేరు కూడా ఉంది. సాక్షులు నిలబడలేదు, కేసు కొట్టేశారు. అసలు నిజం ఏమిటో నాకు తెలియదు. తెలియనిది రాయను.

గుర్రప్ప సుంకన్న మనిషి కాబట్టి 'కుడి బీరువా'లో వెతికాను. ఆ ఊరి పెండ్లిళ్ళు, మీటింగులు, జాతర్లు అన్నీ చూశాను. వాళ్ళమ్మకు చూపించి అడగమని కనిపించిన ప్రతి మీసాల మనిషి ఫోటో తీసి పంపాను. ప్రతిసారీ కాదనే జవాబు వచ్చింది. చివరికి "లేదమ్మా" అని చెప్పాను. "సరేలే అక్కా, శానా కష్టపడినావు" అంది. అలా అనకుండా కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఈ పెండ్లి ఏ బీరువాలో?

కొన్నేండ్లకు కాలం మారింది. బాంబులు తగ్గాయి, కాంట్రాక్టులు పెరిగాయి. కేశవన్న, సుంకన్న రాజీ పడ్డారు, ఒకే పార్టీలో చేరారు. అంతటితో ఆగలేదు. కేశవన్న మనవడికి సుంకన్న మనవరాలిని ఇచ్చారు. ఆ పెండ్లి తీసింది మా స్టూడియోనే. అది ఎక్కించడానికి కూర్చున్న ఎడిటింగ్ పిల్లవాడు నన్ను పిలిచాడు.

"పద్మక్కా, పెండ్లికొడుకు ఎడమ, పెండ్లికూతురు కుడి. దీన్ని యాడ పెట్టల్ల?"

గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు. నాయకులు వియ్యంకులయ్యారు, ఒకరి పంక్తిలో ఒకరు కూర్చుని తిన్నారు. వాళ్ళ కోసం చచ్చిన గుర్రప్ప మాత్రం ఇంకా 'కుడి బీరువా' మనిషిగానే ఉన్నాడు నా కంప్యూటర్లో. మనుషులు పుట్టుకతో ఎడమా కుడీ కారు. ఊరు చీలకముందు వాళ్ళంతా ఒకే పంక్తిలో తిన్నవాళ్ళే. ఆ సంగతి మా బీరువాలకు తెలియదు.

మరుసటి రోజే రఫీతో చెప్పి పని మొదలుపెట్టాను. రెండు ఫోల్డర్లనూ కలిపేసి ఊరు, సంవత్సరం, సందర్భం ప్రకారం మళ్ళీ సర్దాను. ప్రతి పంక్తినీ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్నాను. వడ్డించేవాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు కదా, ఆ పేర్లన్నీ షీటులోకి ఎక్కించాను. రిటైరయ్యే ముందు నేను చేసిన చివరి పెద్ద పని అదే. ఎవరూ చేయమనలేదు, అందుకు జీతమూ పెరగలేదు.

కేశవన్న తమ్ముడి పెండ్లి క్యాసెట్ వచ్చింది. ఊరు చీలకముందుది. పెండ్లయిన మరుసటి రోజు మాంసాల భోజనం. పంక్తి పొడవునా కెమెరా నడుస్తోంది. వడ్డించే మనిషి గొంతు వినిపించింది. "గుర్రప్పా, ఇంకో రెండు ముక్కలు ఏసుకోప్పా. పొట్టేలు నువ్వు ఎంచిందే."

క్లిప్పు అక్కడే ఆపాను. 'దొరకనివి' తెరిచాను. పులివెందుల మల్లేశ్వరి, నాయన గుర్రప్ప, గొర్రెలు, ఊరు. అంతా సరిపోయింది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, ఆ మనిషి ఇంతకాలం మా దగ్గరే ఉన్నాడు. నేను వెతికిన బీరువాలో కాకుండా దాని పక్కదాంట్లో ఉన్నాడు.

అడగడం

రఫీకి చూపించాను. "అక్కా, ఇంకేం! కట్ చేసి వాట్సాప్‌లో పంపెయ్" అన్నాడు.

"క్యాసెట్ కేశవన్నది. ఆయనను అడగల్ల."

"ఆయన వద్దంటే?"

"వద్దంటే ఇయ్యను."

"అంత పంతమేంది అక్కా? ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది. మీ నాయనకు తెలుస్తాది."

బాషన్న అప్పటికే పోయాడు. పైకి గట్టిగానే అన్నాను గాని నాకు లోపల భయంగా ఉంది. కేశవన్న వద్దంటే, దొరికిన తండ్రిని నా చేతులతోనే మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేయాలి. అదీ గాక, పాత కేసు తవ్వుతున్నారని ఆయన అనుకుంటే ఏమవుతుందో తెలియదు. అయినా కక్షల రోజుల్లో కూడా ఆడమనిషి గడపలోకి వస్తే మా వైపు నీళ్ళిచ్చే మాట్లాడేవాళ్ళు. ఆ నమ్మకంతో నేనే వెళ్తానన్నాను.

కేశవన్న అప్పటికి జమ్మలమడుగులో ఉంటున్నాడు. వసారాలో నవారు మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఒకప్పుడు ఆయన వస్తుంటే వీధి ఖాళీ అయ్యేది. ఇప్పుడు చెప్పులు కనపడక కాలితో తడుముకుంటున్నాడు. ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చింది. వచ్చిన పని చెప్పాను, ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను.

ఆయన చూశాడు. మళ్ళీ వేయమన్నాడు.

"పొట్టేళ్ళు వాడే ఎంచినాడు" అన్నాడు. "దుడ్లు ఇస్తే తీసుకోలేదు. తమ్ముని పెండ్లికి దుడ్లేందిన్నా అన్నాడు."

నేను ల్యాప్‌టాప్ మూయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాళ్ళ బిడ్డ అడిగిందా?"

"అవును మామా. నాయన ముఖం సూడల్లంట."

ఆయన చూపు నేల మీదికి దించాడు. "ఇయ్యి. నేను ఇచ్చినానని మాత్రం చెప్పాకు. యాడనో దొరికిందని చెప్పు."

ఒప్పుకొని లేచి రావచ్చు. అందరికీ సుఖం. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పని ఫైలు నా గది నుంచి బయటికి పోలేదు. ఈ ఒక్కదానికి అబద్ధం చెబితే, ఆ అమ్మాయి జీవితాంతం గోడ మీద పెట్టుకొని చూసుకునే ముఖం కింద నా అబద్ధం ఉంటుంది.

"చెప్పకుండా ఇయ్యలేను మామా. మీది అని చెప్పే ఇస్తా. కాదంటే మీ క్యాసెట్ మీకే ఉంటాది."

ఆయన ముఖం ఎర్రబడింది. పాత కేశవన్న ఒక్క క్షణం లేచి కూర్చున్నాడు. "ఏందమ్మా, నా ఇంట్లో కూసోని నాకే షరతులా?"

తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆయన భార్య అప్పుడు మాట్లాడింది. "ఇయ్యమ్మా. పేరు చెప్పే ఇయ్యి. తిట్టుకుంటే తిట్టుకోనీ. ఆ బిడ్డకు ఆ మాత్రం ల్యాకుంటే ఎట్ల? గుర్రప్ప నా చేతి అన్నం ఎన్నిసార్లు తినలేదు."

కేశవన్న ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే. ఆమె చెప్పినాక ఏముండాది. చెప్పే ఇయ్యి" అన్నాడు. గేటు దాకా నన్ను సాగనంపింది ఆమే.

మల్లేశ్వరి

ఫోన్ చేసి, దొరికింది రమ్మని మాత్రం చెప్పాను. మరునాడు మొదటి బస్సుకే వచ్చింది. ఈసారి కూర్చుంది. క్లిప్పు వేసే ముందు చెప్పాల్సింది చెప్పాను.

"ఇది కేశవన్న తమ్ముని పెండ్లి క్యాసెట్‌లోదమ్మా. ఆయనను అడిగి తెచ్చినా. ఇష్టం ల్యాకుంటే చూపించను. తప్పేం లేదు."

లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడింది. నేను పిలవలేదు. పోతే పోతుందనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చింది.

"అక్కా, మా నాయనను ఆ పెండ్లికి పిలిచినారా? పిలవకుండా పోయినాడా?"

"పిలిచినారు. పొట్టేళ్ళు ఎంచింది కూడా మీ నాయనే. దుడ్లు తీసుకోలేదంట."

"అట్లయితే అది మా నాయన పోయిన పెండ్లి. వాళ్ళది ఎట్లయితాది? ఏయక్కా, సూస్తా."

వేశాను. పంక్తి కదిలింది. రెండు ముక్కలు వేసుకోమని వడ్డించేవాడు అన్నాడు. ఆకు ముందు కూర్చున్న మనిషి తల ఎత్తి నేరుగా కెమెరాలోకి చూశాడు. సన్నటి మనిషి, భుజాన ఎర్ర తుండు. కెమెరా తన మీదే ఆగిందని తెలిసి సిగ్గుపడ్డాడు.

"నన్నెందుకు తీస్తాండావు సాయిబన్నా? రీలు దండగ. పోప్పా, పెండ్లికొడుకును తీసుకోపో." అని పెద్దగా నవ్వాడు.

బాషన్న కెమెరా తిప్పలేదు. ఆ నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆయన పనితనం మీద నాకున్న గౌరవం ఆ రోజు ఇంకా పెరిగింది.

మల్లేశ్వరి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మా నాయన గొంతు ఇంత సన్నగా ఉంటాదా?" అంది. "నేను లావు గొంతు అనుకుంటిని." తర్వాత, "మల్లొకసారి" అంది. ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టలేదు. మధ్యలో వాళ్ళమ్మకు ఫోన్ చేసి, ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టింది. అవతలి నుంచి "తుండు ఎర్రదేనా?" అని మాత్రం వినిపించింది. "ఎర్రదేమ్మా" అని చెప్పేసరికి మల్లేశ్వరికి ఏడుపు ఆగలేదు. నాకూ ఆగలేదు. రఫీ లేచి బయటికి వెళ్ళాడు.

పెన్ డ్రైవులోకి ఎక్కించాను, ఆమె మెయిల్‌కూ పంపాను, మా దగ్గర ఒకటి ఉంచాను. షీటులో 'దొరకనివి' పేజీ నుంచి ఆ వరుసను తీసి 'దొరికినవి'లో వేశాను. క్యాసెట్ ఎవరిది, ఎవరు ఒప్పుకున్నారు, అన్నీ రాశాను. ఇక క్లిప్పుకు పేరు పెట్టడమే మిగిలింది. గుర్రప్ప అని కొట్టబోతుంటే మల్లేశ్వరి చెయ్యి చాచింది.

"కీబోర్డు ఇటియ్యి అక్కా, నేను పెడతా."

రోజంతా కంప్యూటర్ మీద పని చేసే అమ్మాయి, పది వేళ్ళూ వాడే అమ్మాయి, ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టింది: 'మా నాయన'.

ఎవరి నాయన, ఏ ఊరు, ఏ సందర్భం, ఆ పేరు చూస్తే ఒక్కటీ తెలియదు. నా నియమాల ప్రకారం పనికిరాని పేరు. నేను రిటైరయ్యే రోజున స్టూడియోలోని ఫైళ్ళన్నిటినీ చివరిసారి సరిచూసి, సరిగా లేని ప్రతి పేరునూ మార్చి తాళంచెవి రఫీకి ఇచ్చాను. ఆ ఒక్కదాన్ని మార్చలేదు.